ఆకుపచ్చ గుడ్డ కింద చెయ్యి

ఆవిడ అసలు పేరు ఆసుపత్రి హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా బతికి లేదు. ఎదురుగా అందరూ "సిస్టర్" అంటారు. వెనక "అయిపోయిందమ్మ" అంటారు. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే మనిషికి ఇంతకంటే మంచి బిరుదు ఎవరిస్తారు లెండి! కుర్చీలో పడుకున్నవాళ్ళ నోట్లోకి మిషను వెళ్ళీ వెళ్ళకముందే ఆవిడ "అయిపోయింది, అయిపోయింది, ఇంకొక్క క్షణం" అని మొదలుపెడుతుంది. అప్పటికి పని మొదలైనా అయి ఉండదు. అది అబద్ధమని ఆవిడకూ తెలుసు, పడుకున్నవాళ్ళకూ తెలుసు. అయినా ఆ మాట విని ఏడుపు ఆపిన పిల్లలున్నారు. మెట్ల దాకా పారిపోయి, మళ్ళీ వచ్చి బుద్ధిగా పడుకున్న మీసాల పోలీసు కూడా ఒకడున్నాడు.

ఆసుపత్రి అంటే మేడమీద రెండు గదులు. ముందు గదిలో బెంచీలు, అట్టలు ఊడిన పత్రికలు, చెంప పట్టుకుని కూర్చున్న జనం. లోపలి గదిలో కుర్చీ, దాని మీదికి వంగి చూసే పెద్ద దీపం, ఎదురు గోడకి గడియారం. డాక్టరు రోగికి కుడివైపు కూర్చుంటాడు. అయిపోయిందమ్మ ఎడమవైపు నిలబడుతుంది. ఆవిడ కుడిచేతిలో ఉమ్ము లాగే గొట్టం ఉంటుంది. ఎడమ చెయ్యి రోగి ఎడమ చేతి మీద ఉంటుంది. రోగికి మెడ నుంచి మోకాళ్ళ దాకా ఆకుపచ్చ గుడ్డ కప్పుతారు కాబట్టి ఆ రెండు చేతులూ దాని కిందే ఉంటాయి. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస.

ఈ చెయ్యి పట్టుకోవడం ఆవిడ సొంత తెలివి కాదు. ఇప్పుడున్న డాక్టరు తండ్రి, పెద్ద డాక్టరుగారు నేర్పిన విద్య. ఆయన పన్ను పీకే ముందు ప్రతి మనిషికీ ఒక మాట ఇచ్చేవాడు. "నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తండి, వెంటనే ఆపేస్తాను." ఆవిడ ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఆయన పక్కకి పిలిచి అసలు సంగతి చెప్పాడు.

"అమ్మాయ్, మాట ఇస్తేనే జనానికి ధైర్యం వస్తుంది. అలాగని ఎత్తినప్పుడల్లా ఆపితే సాయంత్రానికి ఒక్క పన్నూ ఊడదు. పదిమందిలో తొమ్మిదిమంది భయంతో ఎత్తుతారు. నువ్వు మెల్లిగా ఆ చెయ్యి పట్టుకుని దించేస్తూ ఉండు."

"మరి ఆ పదో మనిషి వస్తేనో సార్?"

"నీ చేతికే తెలుస్తుందిలే" అని నవ్వేశాడాయన.

నిజంగానే తెలిసేది, లేదా తెలుస్తుందని ఆవిడ నమ్మేది. ఒట్టి భయమైతే వేళ్ళు వణుకుతాయి, నొప్పి అయితే మణికట్టు బిగుస్తుంది. మొదట్లో అలాంటప్పుడు "సార్, ఒక్క నిమిషం" అనేది కూడా. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మాట తగ్గిపోయింది. పెద్దాయన పోయాడు, కొడుకు వచ్చాడు. ఈ చిన్న డాక్టరు ఆవిడ చూస్తుండగా ఎదిగినవాడు, ఆవిడని "అక్కా" అని పిలుస్తాడు. మంచివాడు. తండ్రి ఇచ్చిన మాటే అతనూ అందరికీ ఇస్తాడు. ఇచ్చేసి భూతద్దాల కళ్ళజోడు పెట్టుకుంటాడు. అది పెట్టుకున్నాక అతనికి ఒక్క పన్ను తప్ప లోకంలో ఇంకేమీ కనపడదు. అంటే, ఎత్తిన ప్రతి చెయ్యీ అతనికే పెట్టుకున్న అర్జీ అతనిదాకా పోనే పోదు. ఆ అర్జీ అయిపోయిందమ్మ అరచేతిలోనే ఆగిపోతుంది. ఈ సంగతి మన డాక్టరు ఎన్నడూ ఆలోచించలేదు. పని సాఫీగా సాగుతుంటే ఎవరు మాత్రం ఆలోచిస్తారు?

అలాంటి రోజుల్లో ఒక ఉదయం దర్జీ ఆవిడ వచ్చింది. పరాయి మనిషేమీ కాదు. ఆసుపత్రిలో అందరి తెల్లకోట్లూ కుట్టేది ఆమే. ముప్ఫై ఎనిమిదేళ్ళుంటాయి. కుడివైపు కింద జ్ఞానదంతం అడ్డంగా పడుకుని ఉంది, దాని వేర్లు దవడ నరానికి దగ్గరగా ఉన్నాయి. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూపించి అంతా వివరంగానే చెప్పాడు. మత్తుసూది వేశాడు. "నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తండి" అన్నాడు.

ఆమె మూడుసార్లు ఎత్తింది. మొదటిసారి మెల్లిగా ఎత్తితే, అయిపోయిందమ్మ దించేసింది. రెండోసారి మణికట్టు బిగిసింది, దాన్నీ దించేసింది. మూడోసారి ఆ చెయ్యి కరెంటు తగిలినట్టు ఎగిరిపడింది. గొట్టాన్ని పెదవి మూలన తగిలించి, ఆవిడ రెండు చేతులా పట్టి ఆ చేతిని కుర్చీకి అదిమేసింది. "అయిపోయింది తల్లీ, అయిపోయింది." గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. బయట బెంచీల మీద ఎనిమిదిమంది ఉన్నారు. పన్ను ఊడి వచ్చింది. దర్జీ ఆవిడ కళ్ళల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే దూది పెట్టి తుడిచింది కూడా అయిపోయిందమ్మే.

పెదవి మొద్దుబారితే సాయంత్రానికి సర్దుకుంటుందన్నారు. తర్వాత వారమన్నారు. తర్వాత నెలన్నారు. ఏడు నెలలు దాటినా ఆమె కింది పెదవి కుడి సగానికీ గడ్డానికీ స్పర్శ తిరిగి రాలేదు. అప్పుడొచ్చింది ఫిర్యాదుల సంఘం నుంచి కాగితం. చికిత్సలో నిర్లక్ష్యం, చెయ్యి ఎత్తినా ఆపలేదు అని ఫిర్యాదు.

డాక్టరు ఆ కాగితం పట్టుకుని తెల్లబోయాడు. పక్కన లాయరు కూర్చుని ఉన్నాడు.

"ఎత్తితే నేను ఆపేవాణ్ణి కదక్కా! ఆ వేరు కొస లోపలే వదిలేసి కుట్లు వేసేవాణ్ణి. నరం జోలికి పోయేవాణ్ణే కాదు. అసలు చెయ్యి ఎత్తిందా ఆమె?"

అతను నిజంగానే అడుగుతున్నాడు. అతనికి తెలియదు. అయిపోయిందమ్మ నోట్లోంచి "లేదు బాబూ" అన్న మాట ఆవిడ అనుకునేలోపే వచ్చేసింది. లాయరు దాన్ని రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. ఇక ఆ మాట ఆవిడ చెయ్యి దాటిపోయింది.

మర్నాడు ఒక ముసలాయనకి పన్ను పూడుస్తున్నారు. గుడ్డ కింద ఆవిడ ఎడమ చెయ్యి మామూలు చోటే ఉంది. పదకొండూ ఇరవైకి కింద నుంచి ఒక చెయ్యి ఆవిడ అరచేతిని పైకి నెట్టింది. ఆవిడ అలవాటుగా అదిమింది. అది ఇంకా గట్టిగా నెట్టింది. ముసలాయన బలం చూసి ఆశ్చర్యపోయి గుడ్డ పక్కకి తీసింది. ముసలాయన రెండు చేతులూ పొట్ట మీద ముడుచుకుని హాయిగా ఉన్నాడు. ఆవిడ అరచేతి కింద కుర్చీ చేతికున్న నల్లటి తోలు తప్ప ఏమీ లేదు. ఆ తోలు మాత్రం వెచ్చగా ఉంది.

ఆవిడ పైప్రాణాలు పైనే పోయాయి. పని ఎక్కువై నరం లాగిందిలే అని సర్దిచెప్పుకుంది. కానీ ఆదివారం ఇంట్లో ఉతికిన బట్టలు మడతపెట్టి, దొంతర మీద చెయ్యి వేసి సరిచేస్తుంటే అదే వేళకి దొంతర లోపలి నుంచి కదిలింది. బట్టల కింద ఎవరో ఊపిరి బిగబట్టి చెయ్యి ఎత్తుతున్నట్టుంది. కిటికీలోంచి మంచి ఎండ పడుతోంది, వీధిలో కూరగాయల బండివాడు కేకలేస్తున్నాడు, పక్కగదిలో మొగుడు రేడియో వింటున్నాడు. ఇంత పట్టపగలు, ఇంత మామూలు ఇంట్లో అది కదలడమే ఆవిడ్ని మరీ భయపెట్టింది.

మంచం మీద కూర్చుని అత్తగారు ఇదంతా చూస్తూనే ఉంది. ఎనభై దాటిన మనిషి. నోట్లో ఒక్క పన్ను లేకపోయినా మాటకి మాత్రం పదును తగ్గలేదు.

"ఏమే, ఆ చేతినలా చూసుకుంటున్నావు? కొత్తగా మొలిచిందా?"

"ఏం లేదత్తయ్యా, కాస్త లాగుతోంది."

"లాగదూ మరి! ఊళ్ళోవాళ్ళ చేతులన్నీ దించీ దించీ అరిగిపోయి ఉంటుంది. నా చెయ్యి కూడా దించావుగా, ఆ ఆఖరి పన్ను పీకిన రోజున."

అయిపోయిందమ్మ మడతపెడుతున్న దుప్పటి వదిలేసింది. "మీరు ఎత్తారా?"

"ఎత్తకేం? మందు పట్టలేదే తల్లీ. ఎత్తాను, దించేశావు. మళ్ళీ ఎత్తాను, మళ్ళీ దించేశావు. ఆ పన్నుతోపాటు నా ప్రాణం కూడా ఊడి వస్తుందనుకున్నా. బయటికొచ్చాక మాత్రం, మా కోడలు నా చెయ్యి వదలకుండా పట్టుకుందని పదిమందికీ గొప్పగా చెప్పుకున్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"ఎక్కడ చెప్పనిచ్చావు? నువ్వప్పటికే అయిపోయిందన్నావు."

అని ముసలావిడ బోసినోటితో నవ్వేసింది. ఆమెకి అది నవ్వులాటే. కోడలికి కాదు. ఇరవై రెండేళ్ళలో ఆ అరచేతి కిందికి ఎన్ని చేతులు వచ్చి వెళ్ళాయో ఆవిడ ఎన్నడూ తలుచుకోలేదు. ఇప్పుడు తలుచుకోకుండా ఉండలేకపోయింది.

విచారణ ఇంకో వారం ఉందనగా ఆవిడ కోటు సంచిలో పెట్టుకుని దర్జీ దుకాణానికి వెళ్ళింది. చంక కింద కుట్టు ఊడిందని వంక. అసలు ఎందుకు వెళ్తోందో ఆవిడకే తెలియదు.

వీధి మట్టం నుంచి ఒక మెట్టు దిగితే ఇరుకు గది, నేలంతా దారప్పోగులు. మిషను ముందు దర్జీ ఆవిడ తల వంచుకుని కుడుతోంది. ఆమెది పాత అలవాటు, గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకుని ఒక్కొక్కటీ తీసి గుడ్డకి గుచ్చుతుంది. ఇప్పుడు మిషనుకి ఎదురుగా గోడకి చిన్న అద్దం మేకు కొట్టి ఉంది. రెండు కుట్లకి ఒకసారి ఆమె తలెత్తి అద్దంలో తన పెదవి చూసుకుంటోంది. చూసుకోవడం మరిచినప్పుడు ఒకసారి సూది పెదవిలో దిగి, గడ్డం మీదికి రక్తం సన్నగా జారింది. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

"చెల్లీ, రక్తం" అంది అయిపోయిందమ్మ.

"అవునా?" అని దర్జీ ఆవిడ అద్దంలో చూసి కొంగుతో అద్దుకుంది. "ఈ పక్క నాది కాదక్కా. ఎవరిదో తెచ్చి అతికించినట్టుంటుంది. మా పాపకి ముద్దు పెడితే పాపకే తెలుస్తుంది, నాకు తెలియదు."

తిడుతుందనుకుని వచ్చిన మనిషికి ఆ నెమ్మది ఇంకా బరువుగా తగిలింది. దర్జీ ఆవిడ కోటు అందుకుని కుట్టు చూస్తూ అడిగింది.

"ఒక్కటి చెప్పక్కా. నేను చెయ్యి ఎత్తానా, లేదా?"

అయిపోయిందమ్మ చూపు నేలమీది దారప్పోగుల మీదికి పోయింది.

"మూడుసార్లు ఎత్తానని నాకు గుర్తు. మీ లాయరు అసలు ఎత్తనే లేదని రాశాడు. నువ్వూ సంతకం పెట్టావట. నిన్ను తప్పుపట్టడానికి అడగడం లేదు. నా పెదవి ఉందో లేదో అద్దంలో చూస్తేగానీ తెలియట్లేదు, ఇక నా చేతి మాట నేనేం నమ్మను? అంతా మనసులోనే ఎత్తానేమో, నాకు పిచ్చి పడుతోందేమో అని భయంగా ఉంది. నా చెయ్యి నీ చేతిలోనే ఉంది కదా ఆరోజు. నువ్వు లేదంటే ఒప్పేసుకుంటాను. ఈ గోల వదిలేస్తాను."

ఆవిడకి మింగలేక కక్కలేక ఉంది. నిజం చెప్తే చిన్న డాక్టరు ఏమవుతాడు? తను కన్నకొడుకులా చూసుకున్నవాడు. చెప్పకపోతే ఎదురుగా ఉన్న ఈ మనిషి తన జ్ఞాపకాన్ని కూడా పోగొట్టుకుంటుంది. పెదవి పోయింది చాలదా?

దర్జీ ఆవిడే టేపు తీసింది. "పోనీలే. చంక దగ్గర బిగుతుగా ఉంది కాబట్టే ఊడింది. కొలత మళ్ళీ తీస్తాను, ఎడమ చెయ్యి ఎత్తు."

చెయ్యి లేవలేదు.

"ఎత్తక్కా."

అయిపోయిందమ్మ పంటి బిగువున ప్రయత్నించింది. ఆవిడ చేతి మీద ఇంకో అరచెయ్యి ఉంది. కనపడదు. వెచ్చగా, మెత్తగా, ఎంతో ప్రేమగా అదుముతోంది. ఆ అరచేతిని ఆవిడ ఎరుగును. ఎడమ చెవి పక్కన తన గొంతే తనకి వినిపించింది. "అయిపోయింది తల్లీ, అయిపోయింది." ఆవిడ కోటు అక్కడే వదిలేసి మెట్టెక్కి వీధిలో పడింది.

విచారణ గది బడిలో తరగతి గదిలా ఉంది. పొడవాటి బల్లకి అటువైపు ముగ్గురు. మధ్యలో ఉన్నావిడ అధ్యక్షురాలు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, విసుగు తెలియని గొంతు. లాయరు మాత్రం గెలిచేసినవాడిలా ఉన్నాడు. దర్జీ ఆవిడ చెప్పింది విని అతనొక ఉపాయం చేశాడు.

"అమ్మా, గుడ్డ కింద చెయ్యి ఎత్తితే గదిలో ఎవరికైనా కనపడి తీరాలి. కనపడలేదంటే ఎత్తలేదనే కదా అర్థం. కావాలంటే ఇక్కడే చూద్దాం." సంచిలోంచి ఆకుపచ్చ గుడ్డ తీశాడు.

చేతులున్న కుర్చీ ఒకటి గది మధ్యకి లాగారు. దర్జీ ఆవిడ వెనక్కి వాలింది. గుడ్డ కప్పారు. "నోరు తెరిచి ఉంచండి, ఆరోజులాగే. మాట్లాడకూడదు" అన్నాడు లాయరు. "సిస్టర్, మీరెక్కడ నిలబడతారో అక్కడ నిలబడండి."

అయిపోయిందమ్మ ఎడమవైపు నిలబడింది. ఎవరూ చెప్పకుండానే ఆవిడ చెయ్యి గుడ్డ కిందికి దూరి, అక్కడున్న చెయ్యి మీద వాలింది.

"ఇప్పుడు ఎత్తండమ్మా" అంది అధ్యక్షురాలు.

దర్జీ ఆవిడ ఎత్తింది. అయిపోయిందమ్మ అరచెయ్యి దించింది. దించమని తను చెప్పలేదు, అదే దించింది. గుడ్డ మడత కూడా చెదరలేదు.

"ఎత్తండమ్మా" అంది అధ్యక్షురాలు మళ్ళీ.

రెండోసారి మణికట్టు బిగిసింది. గుడ్డ కదల్లేదు. బల్ల అవతల ముగ్గురూ ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. లాయరు చిన్నగా నవ్వాడు. చిన్న డాక్టరు ఈరోజు భూతద్దాలు పెట్టుకోలేదు. కళ్ళు చికిలించి గుడ్డవైపే చూస్తున్నాడు, అతనికీ ఏమీ కనపడ్డం లేదు. ఇరవై రెండేళ్ళుగా గుడ్డ బయట నుంచి చూసే మనిషికి ఇలా కనపడేదన్నమాట. చదునుగా, ప్రశాంతంగా ఒక ఆకుపచ్చ గుడ్డ.

దర్జీ ఆవిడ తెరిచిన నోటితో "ఆ... ఆ..." అంటోంది. ఆమె కళ్ళు అయిపోయిందమ్మ ముఖం మీదున్నాయి. ఆ కళ్ళల్లో కోపం లేదు. దుకాణంలో అడిగిన ప్రశ్నే ఉంది. ఎత్తానా, లేదా?

గోడ మీది గడియారం పదకొండూ ఇరవై. మూడోసారి ఆ చెయ్యి ఎగిరింది. దాని వెనక ఇంకో చెయ్యి, ఇంకో చెయ్యి, అత్తగారి ముడతల చెయ్యి, మీసాల పోలీసు చెయ్యి, చెమటపట్టిన పసిచేతులు, అన్నీ ఒక్కసారిగా ఆవిడ అరచేతిని కింద నుంచి తోస్తున్నాయి. "అయిపోయింది" అన్న మాట నాలుక చివరికి వచ్చింది. ఆ ఒక్క మాట అంటే చాలు, నిజంగానే అంతా అయిపోతుంది.

ఆవిడ చెయ్యి తీసేసింది. తీసి, గుడ్డ పట్టుకుని నేలమీదికి లాగేసింది.

దర్జీ ఆవిడ చెయ్యి నిట్టనిలువుగా లేచింది. మణికట్టు చుట్టూ నాలుగు వేళ్ళ గుర్తులు తెల్లగా పడి, మెల్లిగా ఎర్రబడుతున్నాయి.

"మూడుసార్లు ఎత్తింది" అంది అయిపోయిందమ్మ. "ఆరోజు కూడా మూడుసార్లే. నేనే దించాను. అబద్ధం సంతకం పెట్టింది కూడా నేనే."

డాక్టరు కుర్చీలోంచి లేచాడు. "నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్పాల్సింది నేనే బాబూ. నేనే చెప్పలేదు."

"ఆపుతానని మాట ఇచ్చింది మాత్రం మీరే కదా డాక్టరుగారూ," అంది అధ్యక్షురాలు, "మరి ఆ చెయ్యి చూడాల్సింది ఎవరు?"

దర్జీ ఆవిడ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. "ఇక దించండమ్మా, చూశాం" అని అధ్యక్షురాలు రెండుసార్లు చెప్పింది. ఆమె దించలేదు. తన చేతినే చూసుకుంటూ ఏడుస్తోంది. కన్నీళ్ళు కుడివైపు పెదవి మీదికి జారి గడ్డం దాటుతున్నా తుడుచుకోలేదు, ఆ సంగతి ఆమెకి తెలియలేదు.

తప్పు ఆసుపత్రిదేనని తీర్పు వచ్చింది. డాక్టరు ఇప్పుడు రోగి చేతికి నొక్కితే మోగే గంట ఇస్తున్నాడు. అది మోగినప్పుడల్లా ఉలిక్కిపడి ఆపుతాడట. ఆవిడని పొమ్మనలేదు. ఆవిడే మానేసింది. ఏం చేస్తావని మొగుడు అడిగితే "చూద్దాం లెండి" అంది.

ఇప్పుడు రోజూ పదింటికల్లా దర్జీ దుకాణంలో ఉంటుంది. అద్దం వేలాడిన మేకు ఇప్పుడు ఖాళీగా ఉంది, దాని కింద ముక్కాలిపీట వేసుకుని దర్జీ ఆవిడకి ఎదురుగా కూర్చుంటుంది. గుండీలు కుడుతూ, కళ్ళు మాత్రం ఆ పెదవి మీదే ఉంచుతుంది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. క్షమించమని ఈవిడ అడగలేదు, క్షమించానని ఆమె అనలేదు. సూది పెదవిలో దిగబోతే ఈవిడ ఎడమ చెయ్యి ఎత్తుతుంది. మిషను ఆగుతుంది.

ఒక్కోరోజు పదకొండూ ఇరవైకి ఆ చెయ్యి తనంతట తనే లేస్తుంది. అయిపోయిందమ్మ ఎత్తదు, ఎవరో కింద నుంచి మెల్లిగా పైకి తోస్తారు. దర్జీ ఆవిడ మిషను ఆపి, పెదవుల మధ్య నుంచి సూదులన్నీ తీసి పక్కన పెడుతుంది. పెదవి మీద ఒక్క చుక్క కూడా ఉండదు. ఇద్దరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంటారు.